ముల్లు మీటర్లతో గడియారం: పాఠకుల సందేహాలు, సమాధానాలు

పాత ప్యానెల్ మీటర్ల ముళ్లతో గంటలు, నిమిషాలు చూపించే గడియారం తయారు చేయాలనుకుంటున్నామంటూ ఈ శీర్షికకు చాలా ఉత్తరాలు అందాయి. అందువల్ల ఈసారి మిగతా విషయాలు పక్కన పెట్టి వాటికే సమాధానాలిస్తున్నాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక్కరి ప్రశ్ననే ప్రచురించాము.

ప్రశ్న: నా దగ్గర మూడు పాత మీటర్లున్నాయి. ఒకదాని మీద 0–300 వోల్టులు, రెండోదాని మీద 0–30 ఆంపియర్లు, మూడోదాని మీద 0–1 మిల్లీ ఆంపియర్ అని ఉంది. మూడింటినీ గడియారానికి వాడుకోవచ్చునా? 300 వోల్టుల మీటరు ముల్లు చివరిదాకా కదలాలంటే 300 వోల్టులూ ఇవ్వవలసిందేనా?

సమాధానం: అవసరం లేదు. డయల్ మీది సంఖ్య ఆ మీటరును ఏ పనికి బిగించారో చెబుతుందే తప్ప, లోపలి యంత్రానికి ఎంత కరెంటు కావాలో చెప్పదు. ఈ మీటర్లలో ఎక్కువ భాగం కదిలే తీగచుట్ట రకానికి చెందినవి. శాశ్వత అయస్కాంతపు ధ్రువాల మధ్య, మెత్తని ఇనుప స్తూపం చుట్టూ తిరిగేలా సన్నని రాగి తీగచుట్టను రెండు పివట్ల మీద నిలబెడతారు. తీగచుట్టలో కరెంటు ప్రవహించినప్పుడు అయస్కాంత క్షేత్రం దానిని ఒకవైపు తిప్పుతుంది, చిన్న చుట్టల స్ప్రింగులు వెనక్కు లాగుతాయి, ఆ రెండు బలాలు సమమైన చోట ముల్లు ఆగుతుంది. క్షేత్రం తీగచుట్టకు అన్ని కోణాలలోనూ ఒకే తీరుగా అందేలా ధ్రువాలను వంపుగా చెక్కుతారు కాబట్టి కరెంటు రెట్టింపైతే ముల్లు కదిలిన కోణం కూడా రెట్టింపవుతుంది. గడియారానికి మనకు కావలసిన గుణం ఇదే. 1882లో ఫ్రాన్సులో దార్సోన్వాల్, దెప్రే కలిసి రూపొందించిన గాల్వనోమీటరు ప్రయోగశాల పరికరం కాగా, దానిని వెంట తీసుకుపోగల, డయల్ మీద నేరుగా విలువ చదవగల మీటరుగా మలచిన ఖ్యాతి ఎడ్వర్డ్ వెస్టన్‌ది. ఆ తర్వాత శతాబ్దానికి పైగా ప్యానెల్ మీటర్ల లోపలి అమరిక పెద్దగా మారలేదు.

మీ 300 వోల్టుల మీటరు లోపల 1 మిల్లీ ఆంపియర్‌తో పూర్తిగా కదిలే తీగచుట్ట ఉందనుకుంటే, దానికి వరుసలో 3 లక్షల ఓమ్‌ల నిరోధం పెట్టి ఉంటారు. ఆ నిరోధాన్ని తప్పించి తీగచుట్ట కొసలను నేరుగా తీసుకుంటే అది కూడా మీ మూడో మీటరు లాంటిదే. 30 ఆంపియర్ల మీటరులో ఇందుకు భిన్నంగా, కరెంటులో అధిక భాగాన్ని పక్కదారి పట్టించే షంట్ అనే లావుపాటి పట్టీ రెండు టెర్మినళ్ల మధ్య ఉంటుంది. కొన్నింటికి అది బయట వేరుగా ఉంటుంది. షంట్ తీసివేస్తే మిగిలే తీగచుట్ట కొన్ని మిల్లీ ఆంపియర్లకే పూర్తిగా కదులుతుంది. తీసిన షంట్‌ను, నిరోధాన్ని పారవేయకుండా చిన్న సంచిలో వేసి పెట్టె లోపలే ఉంచండి. మీటరు ఎప్పుడైనా తిరిగి తన పాత పనికి వెళ్లగలిగేలా ఉండాలన్నది మా అభిప్రాయం. ఇకముందు సమాధానాలన్నీ ఆ దృష్టితోనే ఇస్తున్నాము: మీటరును మార్చకుండా మిగతా గడియారాన్నే మీటరుకు తగినట్లు అమర్చుకోవాలి.

కొనే ముందు డయల్ అడుగున ఉన్న చిన్న గుర్తులు చూడండి. గుర్రపు నాడా ఆకారపు అయస్కాంతం మధ్య చిన్న తీగచుట్ట గీసి ఉంటే అది మనకు కావలసిన రకం. కింద తిన్నని గీత ఉంటే ఏకముఖ విద్యుత్తుకు, అల గీసి ఉంటే ఏకాంతర విద్యుత్తుకు ఉద్దేశించినదని అర్థం. 1.5 లేదా 2.5 అనే సంఖ్య ఖచ్చితత్వపు తరగతి. నక్షత్రంలో ఉన్న అంకె మాత్రం తరగతి కాదు, ఇన్సులేషన్‌ను పరీక్షించిన వోల్టేజీని అది కిలోవోల్టులలో తెలుపుతుంది. తలకిందులైన ఇంగ్లిషు ‘T’లా కనిపించే, నిట్టనిలువు గీత, దాని కింద అడ్డగీత ఉన్న చిహ్నం, డయల్ నిలువుగా ఉండేలా బిగించాలని చెబుతుంది.

ప్రశ్న: నాకు దొరికిన మీటరు డయల్ మీద ఏ వివరమూ లేదు. మల్టీమీటరును ఓమ్‌ల స్థానంలో పెట్టి పరీక్షించబోతే ముల్లు ఒక్కసారిగా చివరకు వెళ్లి కొట్టుకున్నది. పాడైపోయిందా? దాని పూర్తి స్కేలు కరెంటు ఎలా తెలుసుకోవాలి?

సమాధానం: ఒక్కసారి కొట్టుకున్నంత మాత్రాన పాడైపోదు. ముల్లు తిరిగి సున్నాకు వచ్చిందా, మీటరును మెల్లగా అటూ ఇటూ తిప్పినప్పుడు ఎక్కడా తట్టుకోకుండా కదులుతున్నదా అని చూడండి. రెండూ సరిగా ఉంటే నష్టమేమీ లేదు. మల్టీమీటరు ఓమ్‌లను కొలిచేటప్పుడు తనంతట తానే కరెంటు పంపుతుంది, సున్నితమైన మీటరుకు అది మోతాదు మించుతుంది. కాబట్టి తెలియని మీటరును ఓమ్‌ల స్థానంతో పరీక్షించకూడదు.

1.5 వోల్టుల పెన్‌సెల్ ఒకటి, 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు, 100 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటరు (తిప్పి నిరోధాన్ని మార్చుకోగలిగేది), కరెంటు కొలిచే స్థానంలో పెట్టిన డిజిటల్ మల్టీమీటరు, మీ మీటరు, వీటన్నింటినీ ఒకే వరుసలో కలపండి. పొటెన్షియోమీటరును గరిష్ఠ నిరోధం దగ్గర ఉంచి మొదలుపెడితే ప్రవహించేది 14 మైక్రో ఆంపియర్లకు మించదు. 50 మైక్రో ఆంపియర్ల మీటరుకైనా అది సురక్షితమే. ముల్లు ఎడమవైపుకు తోసుకుపోతే తీగలు తారుమారు చేయండి. తర్వాత పొటెన్షియోమీటరును మెల్లగా తిప్పుతూ ముల్లు చివరి గీత మీద నిలిచినప్పుడు మల్టీమీటరు చూపే విలువను రాసుకోండి. మీకు కావలసిన పూర్తి స్కేలు కరెంటు అదే. పూర్తిగా తిప్పినా ముల్లు కొద్దిగానే కదిలితే 10 కిలో ఓమ్‌ల బదులు 1 కిలో ఓమ్ పెట్టి, పొటెన్షియోమీటరును మళ్లీ గరిష్ఠానికి తెచ్చి మొదటినుంచి చేయండి.

తీగచుట్ట నిరోధం కూడా తెలుసుకోవాలంటే కళాశాల ప్రయోగశాలలో నేర్పే అర్ధాపవర్తన పద్ధతి చాలు. ముల్లును చివరి గీత మీద నిలిపి ఉంచి, మీటరుకు సమాంతరంగా మరొక చిన్న పొటెన్షియోమీటరు కలిపి, ముల్లు సరిగ్గా సగానికి దిగేవరకు దానిని సర్దండి. ఇప్పుడు కరెంటు రెండు దారులలో సమంగా పోతున్నది కాబట్టి, ఆ పొటెన్షియోమీటరును విడదీసి కొలిస్తే వచ్చే నిరోధమే తీగచుట్ట నిరోధం. వరుసలోని నిరోధం తీగచుట్ట కంటే చాలా ఎక్కువగా ఉన్నప్పుడే ఈ లెక్క సరిపోతుంది.

మీటరును ఒక చోటి నుండి మరొక చోటికి తీసుకుపోయేటప్పుడు రెండు టెర్మినళ్లను ఒక తీగ ముక్కతో కలిపి ఉంచండి. కుదుపులకు తీగచుట్ట కదిలినప్పుడు దానిలో పుట్టే కరెంటే దాని కదలికను అడ్డుకుంటుంది, ముల్లు ఊగిపోదు.

ప్రశ్న: ఆర్డ్యునో (ప్రోగ్రాము రాసి నడిపించగల చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) నుండి మీటరుకు కరెంటు పంపడం ఎలా? బోర్డులో 0 లేదా 5 వోల్టులే వస్తాయి కదా, మధ్య విలువలు ఎక్కడి నుండి వస్తాయి?

సమాధానం: బోర్డు పిన్నును వేగంగా వేస్తూ, ఆపుతూ ఉంటే చాలు. దీనినే పీడబ్ల్యూఎం అంటారు. ఆర్డ్యునో ఊనోలో చాలా పిన్నుల మీద ఇది సెకనుకు సుమారు 490 సార్లు జరుగుతుంది. ముల్లుకు, తీగచుట్టకు ఉన్న జడత్వం వల్ల అవి ఇంత వేగాన్ని అనుసరించలేవు, సగటు కరెంటునే చూపుతాయి. పిన్ను సగం కాలం వేసి ఉంటే ముల్లు సగం స్కేలు దగ్గర నిలకడగా నిలుస్తుంది. ఎక్కడైనా సన్నని వణుకు కనిపిస్తే మీటరుకు సమాంతరంగా ఒక కెపాసిటరు పెడితే పోతుంది.

నిరోధం లెక్క సులువు. 1 మిల్లీ ఆంపియర్ మీటరుకు 5 వోల్టులు ఇస్తే మొత్తం నిరోధం 5,000 ఓమ్‌లు ఉండాలి. తీగచుట్ట 100 ఓమ్‌లైతే బయట 4,900 ఓమ్‌లు. అయితే సరిగ్గా ఆ విలువ కోసం ప్రీసెట్ (మరతో సర్దుకునే చిన్న నిరోధం) పెట్టి మర తిప్పుతూ కూర్చోవద్దని మా సలహా. బజారులో దొరికే 4.7 కిలో ఓమ్‌ల మెటల్ ఫిల్మ్ రెసిస్టరును పెట్టండి. మొత్తం 4,800 ఓమ్‌లవుతుంది, 0 నుండి 255 వరకు ఉండే పీడబ్ల్యూఎం లెక్కలో ముల్లు 245 దగ్గరే చివరి గీతను చేరుతుంది. పైన మిగిలిన పది మెట్లు, మీటరు కాస్త మందకొడిగా ఉన్నా, వోల్టేజీ కాస్త తగ్గినా ఆదుకుంటాయి. ప్రోగ్రాములో పొరపాటున 255 ఇచ్చినా కరెంటు 4 శాతమే మించుతుంది, దానికి ఏ మీటరూ దెబ్బతినదు. ప్రీసెట్‌కు దుమ్ము పడుతుంది, కాలక్రమంలో జరుగుతుంది, ప్రోగ్రాములోని సంఖ్యకు ఆ బాధ లేదు.

మీటరు టెర్మినళ్ల మధ్య రెండు 1ఎన్4148 డయోడ్లను ఒకదానికొకటి ఎదురుముఖంగా కలిపి ఉంచడం మంచి అలవాటు. పూర్తి స్కేలులో తీగచుట్ట మీద పడేది 0.1 వోల్టు మాత్రమే కాబట్టి డయోడ్లు మామూలు సమయంలో జోక్యం చేసుకోవు. తీగ ఎక్కడైనా పొరపాటున తగిలి 5 వోల్టులు నేరుగా వచ్చిపడితే మాత్రం కరెంటును తమవైపు తిప్పుకొని తీగచుట్టను కాపాడతాయి.

ప్రశ్న: గడియారం తయారైంది. సున్నా దగ్గర, 60 దగ్గర నిమిషాల ముల్లు సరిగ్గా ఉంటున్నది కానీ 40 నిమిషాలప్పుడు 39 చూపుతున్నది. పైగా ఒక రోజు ఉన్నట్టు మరో రోజు ఉండటం లేదు. ప్రోగ్రాములో తప్పేమీ కనబడలేదు.

సమాధానం: మీ ఉత్తరంలో రెండు వేరువేరు చిక్కులున్నాయి, విడివిడిగా చూద్దాం.

మొదటిది మీటరు సహజ గుణం. 2.5 తరగతి మీటరు పూర్తి స్కేలులో 2.5 శాతం వరకు అటూ ఇటూ తప్పు చూపడానికి తయారీదారు అనుమతి ఇచ్చినట్టే. 60 నిమిషాల స్కేలులో 2.5 శాతమంటే ఒకటిన్నర నిమిషం, 1.5 తరగతి మీటరైతే 54 సెకన్లు. అంటే మీది 2.5 తరగతి మీటరైతే అది తన హద్దులలోనే ఉంది. స్విచ్‌బోర్డు మీద వోల్టులు చూపినంత కాలం ఆ తేడాను ఎవరూ గమనించి ఉండరు, గడియారంలో మాత్రం పక్కన చేతిగడియారం పెట్టి పోల్చి చూస్తాము కాబట్టి అది బయటపడుతుంది.

దీనికి మందు ప్రోగ్రాములో ఒక చిన్న పట్టిక. ముల్లును వరుసగా 0, 10, 20, 30, 40, 50, 60 గీతల మీద సరిగ్గా నిలిపి, ఒక్కొక్క దానికి ఏ పీడబ్ల్యూఎం విలువ కావలసి వచ్చిందో రాసుకోండి. లెక్క ప్రకారం 40 నిమిషాలకు 163 సరిపోవాలి, మీ మీటరుకు బహుశా 167 కావచ్చు. 30 నిమిషాలకు 123 వచ్చిందనుకుంటే, మధ్యలో ఉన్న 34 నిమిషాలకు ఆ రెండింటి తేడా అయిన 44లో పదింట నాలుగు వంతులు కలపాలి, అంటే 141. ఇలా గీతకూ గీతకూ మధ్య ప్రోగ్రామే లెక్కగట్టుకుంటుంది. చూసేటప్పుడు కన్ను ముల్లుకు సరిగ్గా ఎదురుగా ఉండాలి, పక్కనుంచి చూస్తే పట్టికలోనే తప్పు చేరుతుంది. డయల్‌లో సన్నని అద్దపు పట్టీ ఉంటే ముల్లూ దాని ప్రతిబింబమూ ఒకటిగా కనిపించే కోణం నుండి చదవండి. అన్నిటికంటే ముఖ్యంగా ఈ పని మీటర్లను పెట్టెలో బిగించి, పెట్టెను నిలబెట్టిన తర్వాతే చేయాలి. ఇనుప రేకు మీద బిగిస్తే కొన్ని మీటర్ల అయస్కాంత క్షేత్రం కొంత రేకులోకి మళ్లుతుంది, పక్కపక్కనే ఉన్న మీటర్లు కూడా ఒకదాని మీద ఒకటి ప్రభావం చూపవచ్చు. చెక్క లేదా అల్యూమినియం ముఖభాగమైతే ఆ బెడద తక్కువ.

రెండో చిక్కు వోల్టేజీది. పీడబ్ల్యూఎం ఎత్తు బోర్డుకు అందే వోల్టేజీతో పాటు మారుతుంది. 5 వోల్టులు 4.9కి దిగితే 2 శాతం తగ్గినట్టు, అంటే స్కేలు చివర 1.2 నిమిషాల తేడా. మొబైల్ ఛార్జరు మార్చినా, కేబుల్ మార్చినా ఇది జరగవచ్చు. మీ గడియారం రోజుకొక తీరుగా ఉండటానికి కారణం ఇదేనని మా అనుమానం. నమ్మదగిన మార్గం ఎంసీపీ4728 అనే చిన్న చిప్. దానిలో సంఖ్యను వోల్టేజీగా మార్చే 12 బిట్ల డిజిటల్–అనలాగ్ మార్పిడులు నాలుగున్నాయి, సొంతంగా 2.048 వోల్టుల రిఫరెన్సు, అంటే కొలతకు ఆధారమయ్యే స్థిర వోల్టేజీ, కూడా ఉంది. దాని తమ్ముడైన ఎంసీపీ4725 చవకే కానీ సరఫరా వోల్టేజీనే రిఫరెన్సుగా తీసుకుంటుంది కాబట్టి ఈ జబ్బుకు పనికిరాదు. 4728తో 1.8 కిలో ఓమ్‌ల రెసిస్టరు, 100 ఓమ్‌ల తీగచుట్ట కలిపితే 1.9 వోల్టులకు, అంటే 4,096 మెట్లలో 3,800వ మెట్టు దగ్గర, పూర్తి స్కేలు వస్తుంది. ఊనోలోని 8 బిట్ల పీడబ్ల్యూఎంలో ఒక మెట్టు సుమారు 15 సెకన్లకు సమానం కాగా, ఇక్కడ ఒక మెట్టు ఒక సెకను కంటే తక్కువే. ముల్లు జారుతున్నట్టు కదులుతుంది.

ఎండాకాలంలో రాగి తీగ నిరోధం పెరిగి తప్పు చూపదా అని ఇంకొక పాఠకుడు అడిగారు. రాగి నిరోధం డిగ్రీకి 0.4 శాతం వరకు పెరిగే మాట నిజమే. కానీ మొత్తం 1,900 ఓమ్‌లలో తీగచుట్ట వంతు 100 మాత్రమే కాబట్టి, 10 డిగ్రీలు పెరిగినా తేడా 0.2 శాతమే, నిమిషాల ముల్లు మీద అది 8 సెకన్ల లోపే ఉంటుంది.

ప్రశ్న: గంటల మీటరుకు 12 గంటల స్కేలు మంచిదా, 24 గంటలదా? ముల్లు గంట గంటకు ఎగిరి దూకాలా, నెమ్మదిగా జరగాలా?

సమాధానం: 12 గంటలది, దూకే ముల్లు. ఇంట్లోని గోడ గడియారానికి అలవాటుపడ్డవారికి నెమ్మదిగా జరిగే ముల్లే అందంగా తోస్తుంది కానీ, ఇక్కడ అది మోసం చేస్తుంది. 12 గంటల స్కేలులో 2.5 శాతమంటే 18 నిమిషాలు. పదకొండు గంటల 58 నిమిషాలకు గంటల ముల్లు ఆ కాస్త తప్పుతో 12 గీత దాటి కనిపిస్తే, నిమిషాల మీటరు 58 చూపుతుంటే, చూసేవారు పన్నెండు గంటల 58 నిమిషాలని చదువుతారు. అంకె మీదే నిలిచే ముల్లుకు ఈ సందిగ్ధం లేదు, 58 నిమిషాలు గడిచినా అది 11 మీదే ఉంటుంది. ఇంకొక సూచన: స్కేలు ఎడమ కొసన 12ను పెట్టకుండా అక్కడ ఖాళీ వదిలి, 1 నుండి 12 వరకు ఆ తర్వాత రాయండి. అప్పుడు ముల్లు ఖాళీ చోట ఉంటే గడియారానికి కరెంటు లేదని వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: 59 నిమిషాల నుండి సున్నాకు వచ్చేటప్పుడు ముల్లు ‘టక్’మని కొట్టుకుంటున్నది. సెకన్ల మీటరులో నిమిషానికొకసారి ఇదే శబ్దం.

సమాధానం: కరెంటు ఒక్కసారిగా ఆగితే స్ప్రింగు ముల్లును వెనక్కు విసురుతుంది, ముల్లు ఎడమవైపు ఆపుడు కొయ్యకు తగులుతుంది. నిమిషాల మీటరులో రోజుకు 24 సార్లే కాబట్టి ప్రమాదం తక్కువ. సెకన్ల మీటరులో రోజుకు 1,440 సార్లు, ఏడాదికి 5 లక్షలకు పైగా. పివట్లకు అది మంచిది కాదు. 60 నుండి సున్నాకు ఒకేసారి వెళ్లకుండా, ఒక సెకను పాటు చిన్న చిన్న మెట్లలో విలువను తగ్గిస్తూ రండి, శబ్దం పోతుంది. సెకన్ల మీటరును అసలు పెట్టకపోవడమే మేలని మా అభిప్రాయం. ఎప్పుడూ ఉరుకుతూ ఉండే ముల్లు మిగతా రెండింటి నుండి చూపును లాగేస్తుంది. మూడో మీటరు మీ దగ్గర మిగిలి ఉంటే దాని మీద వారాన్ని చూపించండి, ఏడు గీతలు చాలు.

ప్రశ్న: రోజుకు రెండు మూడు నిమిషాలు ముందుకు పోతున్నది. మీటరు పట్టిక సరిగ్గానే ఉంది.

సమాధానం: ఇది మీటరు తప్పు కాదు. ఆర్డ్యునో ఊనోలో ప్రధాన చిప్‌కు వేగాన్ని నిర్ణయించే కంపనాలు ఇచ్చేది క్వార్ట్జ్ స్ఫటికం కాదు, సిరామిక్ రెసొనేటరు. దానిలో వెయ్యికి ఒక వంతు తేడా ఉన్నా రోజుకు 86 సెకన్లు పోతాయి. సమయాన్ని బోర్డు చేత లెక్కపెట్టించకుండా, డీఎస్3231 అనే గడియారపు చిప్‌ను అడిగి తెలుసుకునేలా ప్రోగ్రామును మార్చండి. సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం, ఉష్ణోగ్రతను కొలిచి ఆ కంపనాన్ని సవరించే ఏర్పాటు రెండూ ఆ చిప్‌లోనే ఉన్నాయి. 0 నుండి 40 డిగ్రీల మధ్య దాని తేడా పది లక్షలకు రెండు వంతులు, ఏడాదికి సుమారు ఒక నిమిషం. పాత డీఎస్1307కు ఉష్ణోగ్రత సవరణ లేదు, ధరలో కొద్ది తేడా కోసం దానిని ఎంచుకోవద్దు. ఈఎస్‌పీ32 వంటి వైఫై బోర్డు వాడితే ఇంటర్నెట్ సమయ సర్వర్ల నుండి నేరుగా తెచ్చుకోవచ్చు.

ఒక జాగ్రత్త. డీఎస్3231 ఉన్న చవక మాడ్యూళ్లు కొన్నింటిలో బ్యాటరీని ఛార్జి చేసే మార్గం ఉంటుంది. తిరిగి ఛార్జి అయ్యే సెల్‌కు ఉద్దేశించిన ఆ మార్గంలో మామూలు సీఆర్2032 సెల్ పెడితే అది ఉబ్బవచ్చు, కారవచ్చు. ఛార్జింగ్ దారిలో ఉన్న చిన్న డయోడును గాని రెసిస్టరును గాని తొలగించి ఆ సెల్ వాడండి.

ప్రశ్న: డయల్ మీద నిమిషాల అంకెలు రాయడానికి పాత అక్షరాలను గీకివేయాలా?

సమాధానం: గీకవద్దు. ముందు చూడవలసింది, మార్చకుండానే పని జరుగుతుందా అని. 0–60 అని ఉన్న మీటరు దొరికితే అది నిమిషాలకు ఉన్నది ఉన్నట్టుగా సరిపోతుంది, 0–15 అని ఉన్నదానిలో 12 వరకు గంటలుగా వాడుకోవచ్చు. ‘వోల్టులు’ అనే మాట అలాగే ఉండిపోతే గడియారానికి అదొక అందం.

మార్చవలసి వస్తే బల్ల మీద తెల్లని కాగితం పరిచి, దగ్గరలో ఇనుప రజను లేకుండా చూసుకొని మూత తీయండి. అయస్కాంతపు సన్నని ఖాళీలోకి ఒక్క ఇనుప రేణువు చేరినా ముల్లు అక్కడ తట్టుకుంటుంది, దానిని బయటికి తీయడం నానా తిప్పలు. డయల్ పలకను పట్టి ఉంచేవి సాధారణంగా రెండు చిన్న మరలు. అయస్కాంతం స్క్రూడ్రైవరును తనవైపు లాగుతుంది కాబట్టి దానిని గట్టిగా పట్టుకోండి, చేయి జారితే ముల్లు వంగుతుంది. మరలు తీశాక పలకను పైకెత్తకుండా ముల్లు కిందనుండి పక్కకు జారుస్తూ తీయాలి. దానిని 600 డీపీఐలో స్కాన్ చేసి, ఇంక్‌స్కేప్ వంటి ప్రోగ్రాములో పాత వంపు మీదనే కొత్త గీతలు గీయండి. పాత స్కేలు మొదటి గీత, చివరి గీత కొత్త స్కేలుకు కూడా మొదలు, చివర కావాలి. మెరుపు లేని స్టిక్కరు కాగితం మీద ముద్రించి, పలక వెనక్కు తిప్పి ఆ ఖాళీ ముఖం మీద అంటించండి. పాత డయల్ వెనుకవైపున భద్రంగా ఉంటుంది. రంగు వేయడం, కత్తిరించడం వంటి పనులన్నీ పలకను మీటరుకు దూరంగా తీసుకుపోయి చేయండి.

ప్రశ్న: మీటరు అద్దం తుడిచిన తర్వాత ముల్లు మధ్యలో ఎక్కడో నిలిచిపోయింది. కరెంటు తీసేసినా కదలడం లేదు.

సమాధానం: అది అద్దం కాదు, ప్లాస్టిక్ అయి ఉంటుంది. పొడిగుడ్డతో తుడిచినందున దాని మీద స్థిర విద్యుత్తు చేరి ముల్లును పట్టి ఉంచింది. గిన్నెలు తోమే ద్రవ సబ్బు ఒక చుక్క కలిపిన నీటిలో మెత్తని గుడ్డ తడిపి, బాగా పిండి, మెల్లగా అద్ది అలాగే ఆరనివ్వండి. మళ్లీ పొడిగా రుద్దకండి.

ప్రశ్న: పాత విమానం నుండి తీసినదంటూ ఒక మీటరు ఇచ్చారు. అంకెలు, ముల్లు లేత పసుపు రంగులో ఉన్నాయి, చీకట్లో మెరవడం లేదు. మెరుపు లేదంటే ప్రమాదం లేనట్టేనా?

సమాధానం: కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలపు విమాన పరికరాలలో చీకట్లో కనిపించడానికి రేడియం కలిసిన రంగును విరివిగా వాడారు. కాలంతో చెడిపోయేది ఆ రంగులోని జింక్ సల్ఫైడ్, అందువల్లే మెరుపు ఆగుతుంది. రేడియం–226 అర్ధాయువు సుమారు 1,600 సంవత్సరాలు కాబట్టి రేడియోధార్మికత మాత్రం దాదాపు తగ్గనే లేదు. పొడిగా రాలిన ఆ రంగు శ్వాసతో గాని, చేతుల ద్వారా గాని లోపలికి పోవడం అసలు ప్రమాదం. ఆ మీటరును తెరవకండి, గీకకండి, పిల్లలు ఉండే గదిలో ఉంచకండి. గైగర్ కౌంటరు ఉన్న భౌతిక శాస్త్ర ప్రయోగశాలలో చూపించి, అది శుభ్రమని తేలితేనే గడియారం సంగతి ఆలోచించండి.

ప్రశ్న: సున్నా మధ్యలో ఉండి, ముల్లు రెండువైపులా కదిలే మీటరు ఉంది. దీనిని వాడవచ్చునా?

సమాధానం: వాడవచ్చు. మీటరును రెసిస్టరుతో సహా రెండు పిన్నుల మధ్య కలపండి. ఒక పిన్నును సున్నా దగ్గర ఉంచి రెండోదానికి పీడబ్ల్యూఎం ఇస్తే ముల్లు ఒకవైపు, తారుమారు చేస్తే రెండోవైపు కదులుతుంది. ఎడమ కొసను 0గా, మధ్య సున్నాను 30గా, కుడి కొసను 60గా రాసుకుంటే నిమిషాలకు బాగా కుదురుతుంది. కరెంటు పోయినప్పుడు ముల్లు 30 మీద నిలుస్తుంది కాబట్టి, గంటల మీటరులో పైన చెప్పిన ఖాళీ చోటు ఉంచడం మాత్రం మరవకండి.